క్లిప్పుల తీగ బుగ్గకు గుచ్చుకుంటుంటే

పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకి తీగ చివర బుగ్గ లోపల గీసుకోవడం మామూలే. మా అమ్మాయికి వైరు బిగించిన ప్రతిసారీ రెండు మూడు రోజులు ఇదే బాధ. పెరుగన్నం కూడా ఓ పక్కనే నమిలేది, పాపం. డాక్టరు ఇచ్చిన మైనం పెడితే పది నిమిషాల్లో ఊడొచ్చేది.

తడి మీద పెట్టడమే మేం చేసిన పొరపాటు. ఇప్పుడు ముందు బ్రష్ చేయించి, బుగ్గను వేలితో పక్కకు లాగి, గుచ్చుకునే చోట దూదితో అద్ది తడి లేకుండా చేస్తున్నాను. బఠాణీ గింజంత మైనం తీసుకుని వేళ్ల మధ్య అర నిమిషం ఉండ చేస్తే మెత్తబడుతుంది. దాన్ని తీగ చివర మీద పెట్టి, గట్టిగా నొక్కి, చదును చేయాలి. రాత్రి పెడితే తెల్లారేదాకా ఉంటోంది. తినేముందు, బ్రష్ చేసేముందు తీసేసి, తర్వాత కొత్తది పెట్టాలి. నిద్రలో కొంచెం మింగినా భయం లేదు. అయిపోతే మందుల షాపులో ఆర్థోడాంటిక్ వ్యాక్స్ అని అడగండి.

తీగ బాగా పొడుగ్గా బయటికొచ్చినా, బ్రాకెట్ (తీగను పట్టి ఉంచేలా పంటికి అంటించే చిన్న బిళ్ల) ఊడి కదులుతున్నా మైనం ఆగదు. ఇంట్లో కత్తిరించబోకండి, ముక్క గొంతులోకి జారొచ్చు. అప్పుడు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.