విమానం దారి – 4వ పాఠం: అంకె కంటే ముందు దిక్కు

పోయిన పాఠంలో నేర్చుకున్నవి ఒకసారి పైకి చెప్పండి, డిగ్రీల్లో: ఉత్తరం 360, తూర్పు 090, దక్షిణం 180, పడమర 270. నిద్రలో లేపి అడిగినా తడుముకోకూడదు. ఇవాళ్టి పాఠమంతా వాటి మీదే.

1989 సెప్టెంబర్ 3 సాయంత్రం బ్రెజిల్‌లోని మరబా నుంచి బెలెంకు వారిగ్ అనే విమాన సంస్థ 254వ నంబరు విమానం బయలుదేరింది. బోయింగ్ 737, లోపల 54 మంది. గంట కూడా పట్టని ప్రయాణం. బెలెం మరబాకు దాదాపు నేరుగా ఉత్తరాన ఉంటుంది. ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద హెడింగ్, అంటే విమానం ముక్కు తిప్పాల్సిన దిక్కు, 0270 అని ఉంది. చివరి సున్నా దశాంశ స్థానంలోది, కానీ దాని ముందు చుక్క లేదు. అంటే 027.0 డిగ్రీలు. కెప్టెన్ దాన్ని 270గా చదివి, అదే పెట్టారు. విమానం పడమర దారి పట్టి అమెజాన్ అడవి మీదికి వెళ్లిపోయింది.

తప్పుగా చదవడం ఎవరికైనా జరుగుతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ తర్వాత జరిగింది. కో-పైలట్ తన హెడింగ్‌ని కాగితం చూసి పెట్టుకోలేదు, కెప్టెన్ పెట్టిన అంకె చూసి పెట్టుకున్నారు. రెండు వైపులా ఒకటే అంకె కనిపించేసరికి ఇక అనుమానానికి చోటు లేకుండా పోయింది. పక్కవాడి పలక చూసి ఎక్కించుకుంటే లెక్క సరిచూసినట్టు కాదు కదా.

కిటికీలోంచి చూసినా తెలిసేది. సాయంత్రం పూట ఉత్తరానికి వెళ్తుంటే సూర్యుడు ఎడమ చేతి పక్కన ఉండాలి. ఆ రోజు పొద్దు ఎదురుగానే కుంకింది. 3 గంటలకు పైగా ఎగిరాక ఇంధనం అయిపోయి, చీకట్లో చెట్ల మీదే దిగాల్సి వచ్చింది. ఎక్కువమంది బతికారు, అందరూ కాదు. బతికినవాళ్లలో కొందరు అడవిలో నడిచి వెళ్లి కబురు అందించాకే సాయం వచ్చింది.

నేరుగా ఉత్తరమైతే 027 ఎందుకు అని మీకు అనిపించి ఉండాలి. మ్యాప్‌లోని ఉత్తరానికీ దిక్సూచి చూపే ఉత్తరానికీ అక్కడ దాదాపు 20 డిగ్రీల తేడా. మన దగ్గర అది చాలా తక్కువ కాబట్టి అభ్యాసానికి మ్యాప్ చాలు.

ఇప్పుడు అభ్యాసం. అంకె చూడకముందే మ్యాప్‌లో వేలు పెట్టి దిక్కు పైకి చెప్పండి: “తూర్పు, కొద్దిగా ఉత్తరం.” తర్వాతే అంకెలు ఒక్కొక్కటిగా చదవండి: “సున్నా, ఎనిమిది, నాలుగు.” చెప్పిన దిక్కుకీ అంకెకీ 30 డిగ్రీలకు మించి తేడా వస్తే ఆగి, మళ్లీ కాగితం దగ్గరికి వెళ్లండి. ఇద్దరు కలిసి చేస్తుంటే ఎవరి కాగితం వాళ్లే చదవాలి.

హైదరాబాద్ నుంచి: విశాఖ 084, చెన్నై 158, ముంబయి 109, ఢిల్లీ 354. ఇందులో ఒకటి తప్పు. అదేంటో పట్టుకుని, తెల్లవారుజామున ఆ ఊరికి బయలుదేరితే సూర్యుడు ఏ వైపు కనిపించాలో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కణ్నుంచే మొదలుపెడదాం.