సహదేవిని గుర్తుపట్టి కుండీలో పెంచడం ఎలా?

వానలు పడ్డాక పచ్చిక బీళ్లలో, పొలం గట్ల మీద మోకాలెత్తున సన్నగా నిలబడి, కొసల్లో ఊదా రంగు చుక్కలు పెట్టుకున్న మొక్క కనిపిస్తే అది సహదేవి కావచ్చు. చామంతి కుటుంబంలోదే, మన నేల మొక్క. కలుపని పీకి పారేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు గుర్తుపట్టాలి. గడ్డి చామంతితో పొరబడొద్దు, అది మధ్య అమెరికా వైపు నుంచి వచ్చింది. దానికి పొడవాటి కాడ మీద ఒకే పువ్వు, పసుపు బొడ్డు చుట్టూ తెల్ల రేకులు. సహదేవికి అలాంటి రేకులే ఉండవు. మనం ఒక పువ్వు అనుకునేది ఇరవై దాకా చిట్టి గొట్టం పూల గుత్తి, అంతా కలిపి శనగగింజంత. భూతద్దంలో చూస్తే ఒక్కో గొట్టం అంచు ఐదుగా చీలి నక్షత్రంలా కనబడుతుంది.

అసలు తికమక ఎమిలియా అనే మరో మొక్కతో వస్తుంది, దాని పూలూ ఊదా రంగే. గుత్తి అడుగున చూడండి: ఎమిలియాకు నున్నటి ఆకుపచ్చ గొట్టం, సహదేవికి పొలుసుల్లా వరసలు. ఎమిలియా పైభాగపు ఆకులు కాండాన్ని పట్టుకుని ఉంటాయి. సహదేవి కాండం మీద బూడిద రంగు నూగు ఉంటుంది. శాస్త్రీయ నామంలోని ‘సినేరియం’ అన్న మాటకు అర్థం కూడా బూడిద రంగే.

మొక్కను పీక్కురావద్దు. నేను మొదట అదే చేశాను, సాయంత్రానికల్లా వాడిపోయింది. గుత్తి ఎండి తెల్లగా దూదిలా విచ్చుకున్నాక, గాలి లేవకముందే పొద్దున్నే వెళ్లి విత్తనాలు కాగితం కవర్లో రాల్చుకోండి. ఒక్కో మొక్క నుంచి రెండు మూడు గుత్తులు చాలు, మిగతావి ఆ నేలకే వదిలేయండి.

కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక కలపండి. అడుగున కన్నం తప్పనిసరి. విత్తనాలు చాలా చిన్నవి కాబట్టి మట్టి కప్పకుండా పైనే చల్లి వేలితో అదమండి. మొలకెత్తేదాకా స్ప్రేతో తడపండి, చెంబుతో పోస్తే కొట్టుకుపోతాయి. తర్వాత బాగా ఎండ తగిలేచోట పెట్టండి. ఎరువు అక్కర్లేదు. నాలుగాకులు వచ్చాక బలమైన రెండు మొక్కలే ఉంచండి.

కేరళవాళ్లు పవిత్రంగా చూసే పది మొక్కల్లో, అంటే దశపుష్పాల్లో, ఇదొకటి, ఆయుర్వేదంలోనూ వాడతారు. అయినా సొంతంగా కషాయం కాచుకోవద్దు. కాలేయానికి హాని చేసే ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఇందులో దొరికాయి. గర్భిణులకు, పిల్లలకు అసలే ఇవ్వకూడదు.

పూలు వచ్చాక కుండీ కిటికీ దగ్గర పెట్టి పొద్దున పూట చూడండి, చిన్న చిన్న సీతాకోకచిలుకలు వాలతాయి. పక్క కుండీల్లోకి పాకకూడదనుకుంటే గుత్తులు దూదిలా విచ్చుకోకముందే తుంచేయండి.