అక్వేరియం ఫిల్టర్ మీడియా (ఫిల్టర్ లోపలి సిరామిక్ రింగులు) కడిగే ముందు జాగ్రత్తలు

ముందు ప్లగ్ తీసేయండి. చేతులకు సబ్బు, శానిటైజర్ అంటి ఉండకూడదు.

కుళాయి కింద పెట్టి మాత్రం కడగొద్దు. విశాఖలో మన ఇళ్లకొచ్చే మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఈ సిరామిక్ రింగుల మీదే బతుకుతుంది. క్లోరిన్ దాన్ని చంపేస్తుంది. మళ్లీ కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఈలోపు అమ్మోనియా పేరుకుని చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూడలేం.

ట్యాంకులోంచే ఒక బకెట్ నీళ్లు తోడి, రింగులను అందులో రెండు మూడుసార్లు ముంచి తీయండి. నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. అంతే చాలు. రింగులు తెల్లబడేదాకా రుద్దకండి, వేలికి జిగురుగా తగిలే ఆ పొరే మనకు కావాల్సింది. ఎండలో అస్సలు ఆరబెట్టొద్దు.

రింగులు మార్చాల్సి వస్తే ఇప్పుడు సగం, నెల తర్వాత మిగతా సగం.

తుఫాను హెచ్చరిక ఉంటే ఈ పని వాయిదా వేయండి. 2014లో హుద్‌హుద్ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు దగ్గర ఉంచుకోండి. చాలా గంటలు ఆగిపోయిన ఫిల్టర్‌లో కుళ్లు వాసనొస్తే, ఆ నీళ్లు పారబోశాకే ఆన్ చేయండి.

కడిగాక వారం పాటు మేత తగ్గించండి.