చెంప ఎముక విరిగితే: ఆపరేషన్‌కు ముందు అడగాల్సినవి

సంక్రాంతికి ఇచ్ఛాపురం నుంచి రణస్థలం దాకా హైవే నిండా బైకులే. ముఖం మూయని హెల్మెట్ చెంప ఎముకను కాపాడదు. పడ్డాక వాంతులు, మగత ఉంటే ముందు తలకు స్కాన్. అవేవీ లేకపోయినా చెంప వాచింది కదా, అదే తగ్గుతుందిలే అని ఊరుకోవద్దు. లోపలి సొట్టను ఆ వాపే దాస్తుంది. పై పెదవి, ముక్కు పక్క తిమ్మిరెక్కినా, నోరు పూర్తిగా తెరుచుకోకపోయినా, ఒకటి రెండుగా కనిపించినా సీటీ స్కాన్ తీయించండి. పసరు కట్టు వద్దు. ముక్కు గట్టిగా చీదితే కంటి చుట్టూ గాలి చేరుతుంది, అదీ వద్దు.

ఎముక కదలకపోతే ఆపరేషనే అక్కర్లేదు. కదిలితే మాత్రం వాపు తగ్గనిచ్చి, మామూలుగా రెండు వారాల్లోపు చేస్తారు. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది. అప్పుడు మళ్లీ కోసి సరిచేయాల్సి రావచ్చు.

కోత ఎక్కడన్నది విరిగిన తీరును బట్టి ఉంటుంది. చెవి ముందు విల్లులా ఉండే ఎముక ఒక్కటే లోపలికి నొక్కుకుపోతే, కణత పైన జుట్టులో చిన్న కోత పెట్టి పైకి లేపుతారు. 1927 నాటి గిల్లీస్ పద్ధతి ఇది. మచ్చ జుట్టులో కలిసిపోతుంది. ప్లేటు వేయరు కాబట్టి కొన్ని వారాలు ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోకూడదు. పై చిగురు పైన, నోటి లోపల కోస్తే ముఖం మీద మచ్చ ఉండదు, అక్కడే టైటానియం ప్లేటు కూడా బిగించవచ్చు. ఇన్ఫెక్షన్ రాకుండా నోటి శుభ్రత తప్పదు. మన తీర గ్రామాల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే అమ్మలకు ముందే గట్టిగా చెప్పండి, కుట్లు మానేదాకా చుట్ట ముట్టకూడదని.

చెంప ఎముక మొత్తం కదిలితే ఒక్క కోత చాలకపోవచ్చు. కనుబొమ్మ చివరో, పై రెప్ప మడతలోనో ఇంకొకటి పెడతారు. కంటి గుంత అంచు సరిచేయాలంటే కింది రెప్ప దగ్గర మరొకటి. ఇక్కడే సర్జన్‌ని వివరంగా అడగండి. రెప్ప బయట చర్మం మీద కోస్తే రెప్ప కిందికి జారే ప్రమాదం కాస్త ఎక్కువ, లోపలి పొర గుండా వెళ్తే తక్కువ. మచ్చ పడుతుందన్న టెన్షన్‌తో కోతలు తగ్గించమని మాత్రం ఒత్తిడి చేయకండి. ఎముక సరిగా కూర్చోకపోతే చెంప సొట్టగానే ఉండిపోతుంది.

రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. ఆపరేషన్‌కు ముందు రెండు కళ్ల చూపూ పరీక్ష చేయించి రాయించుకోండి.

ఆపరేషన్ అయిన రాత్రి పక్కన ఉండేవాళ్లు కన్ను గమనిస్తూ ఉండాలి. కంటి నొప్పి పెరిగినా, గుడ్డు ముందుకు ఉబికినా, చూపు మసకబారినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే నర్సును పిలవండి. కంటి వెనక రక్తం చేరితే గంటల్లోనే చూపు పోవచ్చు.