ఎండు మిర్చి పరీక్షలో నెగ్గాలంటే చేలోనూ కల్లంలోనూ చేయవలసినవి

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పిన కొనుగోలుదారు రంగునూ తాలునూ (రంగు వెలిసిన నాసి కాయలనూ) చూసి ధర కడతాడు గానీ, ఎగుమతి సరుకు వెనక్కి రావడానికి ప్రధాన కారణాలు కంటికి కనిపించవు. అవి పురుగుమందుల అవశేషాలు, బూజు వల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్ రైతునూ, పొలం స్థాయిలోని పంటనూ తన పరిధి నుంచి మినహాయించింది. మందుల నమోదు 1968 నాటి పురుగుమందుల చట్టం కింద, ఎగుమతి తనిఖీ వాణిజ్య శాఖ పరిధిలోని సుగంధద్రవ్యాల బోర్డు కింద ఉన్నాయి. ఇన్ని వ్యవస్థలున్నా కల్లం దగ్గర నిలబడి చూసేవారు లేరు కనుక, ఆ కాపలా రైతే కాసుకోవాలి.

మందు కొనేముందు డబ్బా మీది చీటీలో మిర్చి పేరు ఉందో లేదో, పిచికారీకీ కోతకూ మధ్య ఎన్ని రోజులు ఆగాలని రాశారో చదవాలి. మిర్చిని విడతలవారీగా కోస్తాం కనుక ఆ గడువును చివరి కోతకే కాక ప్రతి కోతకూ లెక్కించాలి. చాలామంది తప్పేది ఇక్కడే. 2021-22లో నల్ల తామరపురుగు విరుచుకుపడ్డాక రెండు మూడు మందులు కలిపి కొట్టడం అలవాటైంది, అయితే అలా కలిపిన ప్రతి మందూ తన అవశేషాన్ని కాయలో విడిగా మిగుల్చుతుంది. ట్రైజోఫాస్ వంటి మందుల వాడకం 2020 డిసెంబరు 31తో నిషేధమైంది కనుక పాత నిల్వ ఇంట్లో ఉన్నా చేనుకు తేకూడదు. బిల్లు దాచి, మందు పేరు, మోతాదు, పిచికారీ తేదీ, కోత తేదీ ఒక పుస్తకంలో రాయాలి.

కోసిన కాయలను వట్టి నేలమీద పోయకుండా, శుభ్రమైన పట్టాల మీదగానీ సిమెంటు కల్లంలోగానీ పలుచగా పరచి, రోజూ తిరగేస్తూ, పొద్దుగూకేసరికి మంచు పడకుండా కప్పాలి. తేమ 11 శాతానికి మించకూడదు. కాయ ఊపితే గింజలు గలగలమనాలి. వానకు తడిసిన కుప్పనూ, పగిలిన కాయలనూ, తాలునూ మంచి సరుకులో కలపకూడదు.

కాయ విరగకుండా, తూకం తగ్గకుండా అంటూ బస్తా తొక్కేముందు నీళ్లు చల్లే పద్ధతిని మాత్రం పూర్తిగా మానాలి, ఎందుకంటే ఎండబెట్టి సంపాదించిన రక్షణంతా ఆ తడితోనే పోతుంది. ఒకసారి పుట్టిన అఫ్లాటాక్సిన్ మళ్లీ ఎండబెట్టినా, వండినా పోదు. మన దేశంలో మసాలా దినుసులకు కిలోకు 30 మైక్రోగ్రాముల మొత్తం అఫ్లాటాక్సిన్ వరకు అనుమతి ఉండగా, ఐరోపా సమాఖ్య ఎండు మిర్చికి 10 దగ్గరే ఆపేస్తుంది. ఇక్కడ నెగ్గిన సరుకు అక్కడ ఓడవచ్చు.

పరీక్షకు పంపాలనుకుంటే గుంటూరులోనే సుగంధద్రవ్యాల బోర్డు ప్రయోగశాల ఉంది. అఫ్లాటాక్సిన్ సరుకంతటా సమానంగా ఉండదు కనుక, ఒక బస్తా పైనుంచి గుప్పెడు తీయకుండా, పలు బస్తాల అడుగునుంచీ నడుమనుంచీ తీసి కలిపిన నమూనానే ఇవ్వాలి.