నాణేల గ్రేడింగ్ నేర్చుకుందాం – 3వ పాఠం: అరుగుదలా, అచ్చు లోపమా, తోముడా?

గ్రేడింగ్ అంటే నాణెం ఎంత బాగా మిగిలి ఉందో చూసి అంకె వేయడం. పోయిన పాఠంలో దానికి వాడే, 1 నుంచి 70 దాకా ఉండే కొలబద్దను చూశాం. 1949లో విలియం షెల్డన్ అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేసిన కొలత అది. 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ అనే అమెరికా గ్రేడింగ్ కంపెనీలు దాన్నే వాడుతున్నాయి. మన డీలర్లు వాడే ఫైన్, వీఎఫ్ (వెరీ ఫైన్), ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్), ఏయూ (దాదాపు వాడనిది), యూఎన్‌సీ (వాడకంలోకి రానిది) అనే మాటలు ఆ అంకెల్లో ఎక్కడెక్కడ పడతాయో రాసి పెట్టుకోమన్నాను. ఆ కాగితం పక్కనే ఉంచుకోండి. ఈ రోజు చూడటం నేర్చుకుందాం.

ఈ పాఠానికి ఐదో జార్జి వెండి రూపాయి తీసుకుందాం. 1912 నుంచి 1920 మధ్య సంవత్సరాలవి సులువుగా దొరుకుతాయి. బరువు 11.66 గ్రాములు, వెండి దాదాపు 91.7 శాతం. చాలామంది తెలుగువాళ్ల ఇళ్లలో పూజ పెట్టెలోనో, అమ్మమ్మ చీరల మధ్యనో ఒకటి రెండైనా ఉంటాయి. లేకపోతే డీలర్ దగ్గర బాగా అరిగినది ఒకటి, కాస్త మంచిది ఒకటి కొనండి. నేర్చుకోవడానికి అరిగినది కూడా కావాలి.

ముందు వెలుతురు సంగతి. ట్యూబ్‌లైట్ కింద గ్రేడింగ్ చేయకండి. ఆ వెలుగు అన్ని వైపుల నుంచీ పడి గీతల్ని దాచేస్తుంది. గదిలో మిగతా లైట్లు ఆర్పేసి, ఒకే బల్బున్న టేబుల్ ల్యాంప్ వేసుకోండి. కింద మెత్తటి గుడ్డ పరవండి, చేయి జారినా నాణెం దెబ్బ తినదు. అంచులు మాత్రమే పట్టుకోండి. భూతద్దం 5 రెట్లది చాలు. 70 గ్రేడుకు ఎన్‌జీసీ పెట్టుకున్న ప్రమాణం కూడా అదే: 5 రెట్లు పెద్దది చేసి చూసినా, టంకశాల దాటాక పడిన లోపం ఒక్కటీ కనబడకూడదు. అంతకన్నా పెద్ద భూతద్దంతో మొదలుపెడితే ప్రతి చుక్కా గాయంలాగే కనబడి, అసలు అంచనా పాడవుతుంది.

ఇప్పుడు నాణేన్ని బల్బు కింద కొంచెం వాల్చి మెల్లగా తిప్పండి. బొమ్మను పట్టించుకోకండి, వెలుగు ఎలా కదులుతుందో గమనించండి. వాడకంలోకి రాని నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి అంచులదాకా చీలి, మీరు తిప్పినకొద్దీ గుండ్రంగా తిరుగుతుంది. దీన్నే లస్టర్ అంటారు. అచ్చు బలంగా పడినప్పుడు లోహం మధ్య నుంచి బయటికి పారుతుంది. వేలాది నాణేలు కొట్టేసరికి ఆ పారకానికి అచ్చు మీదే సన్నటి గీతలు ఏర్పడతాయి. అవి నాణెం మీదికి దిగుతాయి. ఒక్కో గీతా కంటికి ఆనదు గానీ, అన్నీ కలిసి వెలుగును అలా తిప్పుతాయి. చేతులు మారిన కొద్దీ మొదట పోయేది ఈ గీతలే. అందుకే ఏయూ 58కీ ఎంఎస్ 60కీ (ఎంఎస్ అంటే మింట్ స్టేట్, యూఎన్‌సీ నాణేల అంకెల ముందు రాసేది) మధ్య గీత గీయాలంటే లస్టర్ చూడాల్సిందే. బొమ్మలో వివరాలు రెండింటిలోనూ దాదాపు ఒకలాగే ఉంటాయి.

మొదట అరిగేది ఎత్తుగా ఉన్న చోటు. ఈ రూపాయి మీద బొమ్మ వైపు కనుబొమ, చెంప, మీసం, భుజం మీది వస్త్రం చూడండి. అక్కడ లస్టర్ తెగిపోయి, మట్టి రంగు బూడిద మరకలా కనిపిస్తే నాణెం చెలామణీ అయినట్టే. చెంప మాత్రమే కాస్త నీరసంగా ఉండి, చుట్టూ ఖాళీ జాగాలో వెలుగు బాగా తిరుగుతుంటే ఏయూ. వస్త్రం మీది అల్లిక చదునై, ఖాళీ జాగాలో మెరుపు అక్షరాల చాటున మాత్రమే మిగిలితే ఎక్స్‌ఎఫ్ దగ్గరికి వచ్చారు. కిరీటంలో రాళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి, వస్త్రం ఆకారం తప్ప పని కనబడకపోతే వీఎఫ్, ఫైన్ మధ్య వెతకండి. అంతకంటే కింది గ్రేడులకు వెండి ధరే ఆధారం కాబట్టి వాటి గురించి ఎక్కువ ఆలోచించకండి.

అయితే వివరం లేని చోటల్లా అరుగుదల కాదు. అచ్చు సరిగా దిగకపోయినా అలాగే ఉంటుంది. రెండు వైపుల అచ్చుల్లో లోతైన చోట్లు ఎదురెదురుగా పడితే, వాటిని నింపడానికి లోహం చాలదు. అలాంటి చోట లస్టర్ బతికే ఉంటుంది, పైన సానపెట్టినట్టు నునుపు ఉండదు. అనుమానం వస్తే ఆ చోటును బల్బు వైపు వాల్చండి. వెలుగు ఆగకుండా దాని మీదుగా పారితే అచ్చు లోపం. అక్కడికి రాగానే చచ్చిపోతే అరుగుదల.

మూడో సంగతి, చెక్కడమే అలా ఉండటం. 1911 రూపాయి దీనికి మంచి ఉదాహరణ. రాజు వస్త్రం మీది హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడి అది పందిలా కనబడిందని పెద్ద అభ్యంతరం వచ్చింది. బొమ్మ మార్చి 1912 నుంచి కొత్త అచ్చు వేశారు. 1911ది చేతికొస్తే ‘తొండం అరిగిపోయింది’ అని గ్రేడు తగ్గించకండి, అది పుట్టుకతోనే అంత. ఏ నాణేన్ని గ్రేడ్ చేయాలన్నా, టంకశాల నుంచి వచ్చిన రోజు అది ఎలా ఉండేదో ముందు తెలియాలి. నా లెక్కలో సగం చదువు ఇదే. డీలర్ల దగ్గర, వేలం కేటలాగుల్లో మంచి నాణేల ఫొటోలు రోజూ చూస్తూ ఉండండి.

ఇక తోముడు. మన ఇళ్లలోని నాణేలకు పెద్ద శత్రువు ఇదే. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే ముందు విభూతితోనో, చింతపండుతోనో, ఈ మధ్య టూత్‌పేస్టుతోనో రుద్దుతారు. భక్తితో చేసే పని, దాన్ని తప్పుపట్టను. కానీ గ్రేడింగ్ కంపెనీకి అది పాడైన నాణెమే. వెలుగులో తిప్పితే చక్రం తిరగదు. నాణెం అంతా ఒకేసారి తళుక్కుమంటుంది, లేదా స్టీలు గిన్నెలా గుడ్డిగా మెరుస్తుంది. భూతద్దంలో ఖాళీ జాగా చూడండి: ఒకే దిశలోనో, గుండ్రంగానో పోయే వెంట్రుక గీతలు గుంపులుగా ఉంటాయి. అక్షరాల మూలల్లో నలుపు మిగిలి, మిగతా అంతా తెల్లగా ఉంటే అనుమానమే అక్కర్లేదు. ఇలాంటి వాటికి కంపెనీలు అంకె ఇవ్వవు. ‘డీటెయిల్స్’ అని, పక్కన ‘క్లీన్డ్’ అని రాసి ఇస్తాయి. మెడలో హారంగా వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత తీసేసిన రూపాయిలు మన వైపు చాలా వస్తాయి. పై అంచు దగ్గర టంకం ముద్ద, సానపట్టిన మెరుపు కనబడితే అవీ డీటెయిల్సే, మిగతా నాణెం ఎంత అందంగా ఉన్నా సరే.

నల్లబడిన వెండి వేరే సంగతి. గాలిలోని గంధకంతో కలిసి వెండి మీద పలుచటి పొర కడుతుంది. పొర మందాన్ని బట్టి బంగారు, నీలం, ఊదా రంగులు వస్తాయి. సహజంగా వచ్చిన ఈ టోనింగ్ అందంగా ఉంటే గ్రేడరు మెచ్చుకుంటాడు కూడా. దయచేసి దాన్ని వదిలేయండి. పీవీసీ కలిసిన మెత్తటి ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఈ రోజే తీసి పారేయండి. కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు వదులుతాయి.

ఎంఎస్ 60 కంటే ఏయూ 58 అందంగా ఉండటం చూసి కొత్తవాళ్లు తికమక పడతారు. ఎంఎస్ అంటే చెలామణీ అరుగుదల లేదని మాత్రమే. టంకశాల సంచుల్లో వేల నాణేలు ఒకదాని మీద ఒకటి పడి చెంప మీద గాట్లు పడితే అది 60, 61 దగ్గరే ఆగిపోతుంది. దెబ్బలు తక్కువున్న 58ని కళ్లు ఇష్టపడతాయి, కొనేవాళ్లూ ఇష్టపడతారు. 63 దాటాక దెబ్బల సంఖ్య కన్నా అవి ఎక్కడ పడ్డాయన్నదే ముఖ్యం. చెంప మీద ఒక్క గాటు పడటం కన్నా వెనక బొరుసు వైపు లతల్లో నాలుగు పడినా నయం.

కంపెనీలో జరిగేది ఇదే పని. నాణెం ఎవరిదో గ్రేడర్లకు తెలియదు. ఒకరికి మించి విడివిడిగా చూసి అంకె వేస్తారు, చివరికి ఒకరు ఖాయం చేస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి నంబరు వేస్తారు. దాన్నే స్లాబ్ అంటారు. స్లాబ్ కొనేటప్పుడు ఆ నంబరును కంపెనీ సైటులో కొట్టి, ఫొటో ఉంటే నాణెంతో పోల్చకుండా డబ్బు ఇవ్వకండి. స్లాబులకూ నకిలీలు వస్తున్నాయి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. మీ 1918 రూపాయిని ఎన్‌జీసీ ఉన్న ఫ్లోరిడాకు గ్రేడింగ్ కోసం పోస్టులో పంపడం, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్తూ సూట్‌కేసులో పెట్టుకోవడం రెండూ దీని కిందికే వస్తాయి. అమ్మమ్మ గుర్తుగా తీసుకెళ్తున్నామన్నా చట్టానికి తేడా లేదు. ఇక్కడే ఉంచి, ఇక్కడే గ్రేడ్ చేయడం నేర్చుకోండి.

ఈ వారం అభ్యాసం. బ్యాంకులో అడిగి సీలు విప్పని 5 రూపాయల ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి. కిరాణా కొట్టు నుంచి వాడిన 5 రూపాయలు ఓ గుప్పెడు తీసుకుని రెండూ కలిపేయండి. సంవత్సరం చూడకుండా, ఒక్క బల్బు వెలుగులో, లస్టర్‌ను మాత్రమే పట్టుకుని కొత్తవీ వాడినవీ విడదీయండి. తర్వాత కొత్తవాటిలోనే దెబ్బలు తక్కువున్న మూడు ఎంచి, ఎందుకు ఎంచారో ఒక్కో వాక్యం రాయండి. ప్యాకెట్ నుంచి వచ్చినా 65కు సరిపడేవి ఎంత తక్కువో మీరే చూస్తారు.

వచ్చే పాఠానికి నిజాం చార్మినార్ రూపాయి కావాలి. ఉస్మాన్ అలీ ఖాన్ కాలందైతే చార్మినార్ ద్వారంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం, మహబూబ్ అలీ ఖాన్ కాలందైతే ‘మీమ్’ ఉంటుంది. బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. రాజు ముఖం లేదు కాబట్టి చెంప చూసే అలవాటు అక్కడ పనిచేయదు. నాణెం దొరికితే తోమకుండా తెచ్చిపెట్టుకోండి.