దీపావళి వానలకు ముందు ఆడపీత పొట్ట తిప్పి చూడండి

ఇంకో నెలలో ఈశాన్యపు గాలి తిరుగుతుంది. పళవేర్కాడు (పులికాట్) సరస్సులో వలేసే మనవాళ్లకూ, చెన్నై కాశిమేడు చేపల రేవులో బేరమాడే మనవాళ్లకూ నా మనవి ఒకటే. ఆడ మండపీత (బురద పీత) చేతికొస్తే తూకం సంగతి తర్వాత, ముందు పొట్ట తిప్పండి.

పొట్ట కింద మడత సన్నగా గోపురంలా ఉంటే మగది. త్రికోణంలా ఉంటే ఇంకా ఈడేరని ఆడపిల్ల. గుండ్రంగా, నల్లబారి, అంచుకు వెంట్రుకలతో పొట్టంతా కప్పేస్తే ఈడేరిన తల్లి. తూకం చూసి తేల్చకండి. ఎర్ర కొండి రకం చిన్నగా ఉండగానే ఈడేరుతుంది, ఆకుపచ్చ పెద్ద రకం అదే తూకానికి ఇంకా పసిదే. ఉండే నీటిని బట్టి కూడా ఇది మారుతుంది.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది సన దగ్గరే. డొప్ప లోపల పండే సన వేరు, పొట్ట మడత కింద బయట మోసే గుడ్లు వేరు. డొప్పకూ మడతకూ మధ్య వెనక కీలును బొటనవేలితో నొక్కి లైటు వేస్తే లోపల పసుపో నారింజో కనబడుతుంది. హోటళ్లు ఎగబడి కొనేది దీన్నే. అమ్ముకోండి, నేనూ తింటాను, దాచుకోను. కానీ మడత విప్పితే ముద్దగా వేలాడే గుడ్లున్న పీతను మాత్రం బుట్టలో వేయకండి. పెద్ద రకం ఒక్కో కాన్పుకు లక్షల్లో గుడ్లు మోస్తుంది. మొదట నారింజ రంగు, పోనుపోను గోధుమ, పిల్లలు బయటికొచ్చే ముందు నలుపు. మన వేడి నీళ్లలో ఇదంతా పది పన్నెండు రోజుల్లో అయిపోతుంది.

జంటగా దొరికితే విడదీయకండి. ఆడది కుబుసం విడిచే వేళ మగది దాన్ని పొదువుకుని తిరుగుతుంది, మెత్తబడ్డాక కలుస్తుంది. ఆ విత్తనం ఆడదాని ఒంట్లో నెలల తరబడి నిలవ ఉంటుంది. పీతలను మేపి బలిపించే దొడ్డిలో మగది లేదు కదా, గుడ్డు పెట్టదనుకుంటే మోసపోతారు. దొడ్డిలో కుబుసం విడిచిన మెత్తటి ఆడదాన్ని మాత్రం మిగతా పీతల నుంచి విడిగా ఉంచండి, లేకపోతే తోటి పీతలే కొరికి తినేస్తాయి.

వానల ముందు జాగ్రత్త ఎందుకంటారా? గుడ్లలోంచి వచ్చే పిల్లలకు మొదట్లో సముద్రమంత ఉప్పు కావాలి, అందుకే తల్లి ముఖద్వారం (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) దాటి బయటికి పోతుంది. ఆరణి నది పోటెత్తితే పళవేర్కాడు నీరు చప్పబడిపోతుంది. చెన్నైకి దక్షిణాన ముట్టుకాడులో ఎండాకాలం ఇసుక మేట వేస్తే తల్లికి బయటికి దారే ఉండదు. ఎన్నూరు కాలువ సంగతి అక్కడి కరెంటు ప్లాంట్ల బూడిద చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

నేను ఒకసారి గుడ్ల పీతను జాలిపడి ఇంటి తొట్టిలో బోరు నీళ్లలో పెట్టాను. తెల్లారేసరికి గుడ్లన్నీ అడుగున రాలి ఉన్నాయి. ఆ వాసన రెండు రోజులు పోలేదు, ఇంట్లో మాటలూ పడ్డాను.

అందుకే గుడ్ల పీత దొరికితే పట్టిన చోటి నీళ్లే బకెట్లో పోసి, నీడలో పెట్టి, కొండ్లకు కట్టిన తాడు విప్పేసి, కాలువలో కాకుండా ముఖద్వారం దగ్గర, నీరు సముద్రం వైపు లాగుతున్నప్పుడు వదలండి. తాడు విప్పేటప్పుడు వెనక నుంచి పట్టుకోండి. వదిలేస్తున్నారని దానికేం తెలుసు, కరుస్తుంది.